మైనపు చీటీ 417

సోమవారం పొద్దున ఆరున్నరకు వర్తూరు చెరువులో బాలరాజు శవం తేలింది.

2003వ సంవత్సరం, జూలై నెల. సన్నగా తుంపర పడుతోంది. పోలీసులు వచ్చారు, చూశారు, తాగి జారిపడ్డాడని ఐదు నిమిషాల్లో తేల్చేసి టీ కొట్టు వైపు నడిచారు. బాలరాజు జన్మలో ఒక్క చుక్క ముట్టుకున్న మనిషి కాదు. ఆ సంగతి కనుక్కునే తీరిక ఎవరికుంది?

పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు మాత్రం పనిమంతుడు. రెండు విషయాలు రాశాడు. ఊపిరితిత్తుల్లో చెరువు నీళ్ళు లేవు, అంటే నీళ్ళలో పడేసరికే మనిషి చచ్చిపోయాడు. కుడిచేతి బొటనవేలి కొసన సూది గుచ్చినంత ఎర్రచుక్క ఉంది. ఇక జేబులో ఉన్న బస్ పాసు, ఉత్తరం, రసీదులు అన్నీ నాని, ఇంకు కారిపోయి ముద్దయ్యాయి. ఒక్క చీటీ మిగిలింది. గోరంత చీటీ, చుట్టూ మైనం అంటుకుని ఉంది. దానిమీద పెన్సిల్‌తో ఒక అంకె: 417.

ఆ చీటీ మూడు రోజుల్లో మూడు ఆఫీసులు తిరిగి, గురువారం పది గంటలకు మల్లేశ్వరంలో గురుమూర్తి బల్లమీదికి చేరింది.

గురుమూర్తి ఒక విభాగానికి చీఫ్. ఆ విభాగానికి బోర్డు లేదు, పేరు లేదు. ఉన్నదల్లా ఒక టైపింగ్ క్లాసు పైన రెండు గదులు. కింద పిల్లలు టకటకా టైపు కొడుతూనే ఉంటారు కాబట్టి పైన ఏం మాట్లాడినా వీధిలోకి వినబడదు. అంతకు మించిన సెక్యూరిటీ ఆ విభాగానికి ఎవరూ మంజూరు చెయ్యలేదు.

ఎదురుగా కూర్చున్నవాడు పిల్లప్ప, ఏజెంట్ నైన్. చింతామణి దగ్గర పల్లెటూరివాడు. నలభై రెండేళ్ళు, కొంచెం పొట్ట. గూఢచారి అంటే నల్ల కళ్ళద్దాలు ఊహించుకునేవాళ్ళు ఇతన్ని చూస్తే కరెంటు రీడింగ్ తీసుకోవడానికి వచ్చాడనుకుంటారు. పద్దెనిమిదేళ్ళుగా అతన్ని బతికించింది ఆ ముఖమే.

"బాలరాజు ఎక్కడ పనిచేసేవాడు సార్?"

"హొసూరు రోడ్డులో, హెబ్బగోడికి ఇవతల ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అందులో ప్యాథాలజీ ల్యాబ్‌లో రికార్డు క్లర్కు." గురుమూర్తి ఫైలు తెరిచాడు. "ఎన్‌కే-20 అనే పేరు విన్నావా?"

"లేదు."

"లింఫోమాకి మందు. లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సర్. మెడలో, చంకలో గడ్డలు కడతాయి. అందులో కొన్ని రకాల్లో క్యాన్సర్ కణం మీద సీడీ-20 అని ఒక గుర్తు ఉంటుంది. ఈ మందు ఆ గుర్తును పట్టుకుని కణాన్ని చంపుతుంది. ఇలాంటి మందు విదేశాల్లో ఇప్పటికే ఉంది. మామూలు మనిషి కొనలేడు. మనవాళ్ళు ఇక్కడే, ఈ ఊళ్ళోనే తయారుచేశారు. ముప్పై ఆరు మంది పేషెంట్ల మీద క్లినికల్ ట్రయల్ నడుస్తోంది."

"ఎవరికి నచ్చలేదు?"

"తెల్లకోటు ముఠాకి." గురుమూర్తి గొంతు తగ్గించాడు, కింద అంత చప్పుడు ఉన్నా. "యూరప్‌లో హెడ్డాఫీసు. ఇప్పటికి మూడు దేశాల్లో ఇలాంటి చవక మందుల ట్రయల్స్ పాడుచేశారు. బాంబులు పెట్టరు. రిపోర్టులు మారుస్తారు."

పద్ధతి ఇది. గుర్తు ఉన్నవాళ్ళనే, అంటే సీడీ-20 పాజిటివ్ వాళ్ళనే, ట్రయల్‌లో చేర్చుకోవాలి. చేర్చుకునే ముందు ల్యాబ్ డాక్టరు హేమలత పరీక్ష చేసి అందరూ పాజిటివ్ అని సంతకం పెట్టింది. పోయినవారం అనుమానం వచ్చి పన్నెండుమంది గడ్డ ముక్కలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే పన్నెండూ నెగెటివ్. అంటే హేమలత దొంగ రిపోర్టులు రాసినట్టు. శుక్రవారం నాలుగు గంటలకు ముగ్గురు సభ్యుల కమిటీ నిర్ణయం చెబుతుంది. అవే రిజల్ట్స్ చూస్తే ట్రయల్ ఆపేస్తుంది, మందు సీసాలన్నిటికీ సీలు వేస్తుంది.

"417 అంటే?"

"అక్కడే తల తిరుగుతోంది. 417 ట్రయల్‌లో ఒక పేషెంటు ల్యాబ్ నంబరు. చిక్కమునియప్ప, దొడ్డబళ్ళాపురం, పట్టు నేసే మనిషి. అతని గడ్డ ముక్క భద్రంగా పెట్టెలో ఉంది. రిజిస్టర్లో ఎంట్రీ ఉంది. అన్నీ ఉన్నాయి. మరి ఈ చీటీ ఏమిటి? మన సైఫర్ సెక్షన్ ఒక రోజంతా కూర్చుని ఇది పోర్చుగీసు నౌకాదళం కోడ్ అని తేల్చింది."

సైఫర్ సెక్షన్ గురించి పిల్లప్పకు మొదట్నుంచీ మంచి అభిప్రాయం లేదు.

"రేపు సాయంత్రం దాకా నువ్వు చిక్కమునియప్ప బావమరిదివి. అతని భార్యకు సగం సంగతి చెప్పాం. లోపల మన మనిషి ఒకరున్నారు, అర్పిత. ట్రయల్ మానిటర్. అంటే ట్రయల్ కాగితాలన్నీ రూల్ ప్రకారం ఉన్నాయా లేదా అని తనిఖీ చేసేది. ముఠా ఆవిణ్ణి తమ మనిషనుకుంటోంది. డబుల్ ఏజెంట్."

"నమ్మొచ్చా?"

"సగం."

"ఏ సగం సార్?"

"అది కనుక్కోవడానికే నిన్ను పంపుతున్నా," అని గురుమూర్తి ఒక లావుపాటి పెన్ను అందించాడు. "టెక్నికల్ సెక్షన్ వాళ్ళది. మూత నొక్కితే ఫొటో తీస్తుంది. పన్నెండు ఫొటోలు. పోగొట్టకు."

* * *

"నా తమ్ముడంటే నా మాట వినల్ల," అంది చిక్కమునియప్ప భార్య భాగీరథమ్మ. "ముందు ఆ ఫ్లాస్కు తీసుకోని వేణ్ణీళ్ళు పట్టుకోని రా పో."

ఏజెంట్ నైన్ వేణ్ణీళ్ళు పట్టుకొచ్చాడు. ఆ తర్వాత అరటిపళ్ళు తెచ్చాడు, నర్సును పిలిచాడు, దుప్పటి మడత పెట్టాడు. గంటలోపల వార్డులో ఆరు మంచాలవాళ్ళకూ అతను తమ్ముడైపోయాడు. ఇంత గట్టి మారువేషం అతను ఎప్పుడూ వెయ్యలేదు.

మంచం మీద చిక్కమునియప్ప సన్నగా నవ్వాడు. కీమోకి జుట్టంతా రాలిపోయింది. "ఆయమ్మ అట్లే అప్పా. నన్నూ అట్లే తిప్పుతాది."

"గడ్డ ఎట్ల ఉండాది బావా?"

"నిమ్మకాయంత ఉండె. ఫస్టు టీబీ అన్న్యారు. ఎనిమిది నెల్లు టీబీ మాత్రలు మింగితిని. గడ్డ తగ్గలా, నేను తగ్గితిని." చిక్కమునియప్ప మెడ పక్కన వేలు పెట్టి చూపించాడు. "ఈడికొచ్చినాక మూడు సూదులేసినారు. ఇప్పుడు చూడు, శెనగ్గింజంత. మెడ తిరుగుతాండాది. మెడ తిరగకపోతే మగ్గం మీద పోగు తెగిండేది కనపడదప్పా."

నాలుగో డోసు రేపు నాలుగు గంటలకు. సరిగ్గా కమిటీ నిర్ణయం చెప్పే సమయానికి.

బయట వరండాలోకి రాగానే భాగీరథమ్మ అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా ఉన్న దర్జా అంతా పోయింది. "నిజం చెప్పప్పా. రేపు సూదిమందు నిలిపేస్తారంట కదా? నర్సులు గుసగుసలాడతాండారు. టీబీ అన్న్యారు, నమ్మితిమి. ఈ మందన్న్యారు, నమ్మితిమి. ఇప్పుడు ఇది కూడా దొంగదంటే మేము ఇంగ యాడికి పోవల్ల?"

పిల్లప్పకు ఆమె మొహం చూసే ధైర్యం చాల్లేదు. ఎందుకంటే అతనికి ఆమె మీద కూడా అనుమానం ఉంది. వార్డులో ప్రతివాళ్ళ మీదా ఉంది. డ్రిప్ మార్చే నర్సు మీద, కిటికీ దగ్గర పేపరు తిరగేసే పక్క మంచం కొడుకు మీద, ఫినాయిల్ బకెట్టు పట్టుకుని రెండుసార్లు అదే చోట తుడిచినవాడి మీద. అనుమానించడం అతని ఉద్యోగం. కానీ ఆ చొక్కా చెయ్యి పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. వణుకు నటించడం చాలా కష్టమని అతనికి తెలుసు.

* * *

రిపోర్టు నకలు కావాలన్న వంకతో పిల్లప్ప ల్యాబ్‌కి వెళ్ళాడు. గుమ్మంలోనే ఆపేశారు.

"పెన్ను బయట పెట్టప్పా."

ఆపింది మునిలక్ష్మి, ల్యాబ్ అటెండరు. యాభై దాటిన మనిషి, నీలం చీర, చెవి మీద పెన్సిల్.

"ఏమక్కా, పెన్ను ఏం చేసింది?"

"ఈడ పెన్ను వాడకం లేదు. స్పిరిటు, మైనం కరిగించే గ్జైలీను తగిలితే పెన్ను రాత కరిగిపోతాది. పేషెంటు పేరు పోతాది, నంబరు పోతాది. ఎవురి ముక్క ఎవురిదో దేవునికి కూడా తెలీదు. పెన్సిల్ రాత ఏం చేసినా పోదు." చెవి మీది పెన్సిల్ తీసి అతని చేతిలో పెట్టింది. "కావాలంటే ఇది పెట్టుకో."

రహస్య కెమెరా పెన్ను ల్యాబ్ కిటికీ గట్టు మీద, పగిలిన కప్పు పక్కన ఉండిపోయింది. ఫైళ్ళలో ఎన్ని హెచ్చరికలున్నా, ఒక అటెండరు ఏజెంట్‌ని నిరాయుధుణ్ణి చేసినప్పుడు ఏం చెయ్యాలో ఎక్కడా రాసి లేదు.

లోపల గోడ నిండా చెక్క అరలు. అరల్లో వరసగా మైనపు దిమ్మెలు, అగ్గిపెట్టెంతవి. పేషెంటు ఒంట్లోంచి కోసిన గడ్డ ముక్కను మైనంలో దాచి ఇలా బ్లాకు చేస్తారు. దాన్ని మళ్ళీ పల్చగా కోసి, గాజు స్లైడ్ మీద రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తారు. ప్రతి బ్లాకుకూ ఒక తెల్ల లేబుల్, దాని మీద బయట ఆఫీసులో ఇంకుతో రాసి అంటించిన నంబరు.

జేబులో మైనపు చీటీ ఉంది. ఒక్కసారి తీసి చూపిస్తే సరిపోయేది. కానీ సాక్ష్యాన్ని బయటివాళ్ళకు చూపించకూడదన్నది విభాగం మొదటి రూలు. పైగా మునిలక్ష్మి చేతిలో చిన్న కత్తి ఉంది. పిల్లప్ప చీటీ తియ్యలేదు.

వరండా చివర డాక్టర్ హేమలత కనపడింది. సోమవారం నుంచీ ఆమెను ల్యాబ్‌లోకి రానివ్వడం లేదు. బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉంది. బావమరిది అని చెప్పగానే లేచి నిలబడింది.

"మీరు పేషెంట్ తరఫున ఒక అర్జీ రాయండి. ఆ పన్నెండు బ్లాకులూ ఒక్క పది నిమిషాలు నా చేతికి ఇవ్వమని. నేను అడిగితే ఇవ్వడం లేదు. ప్లీజ్."

"ఎందుకు మేడమ్?"

"నా చేతికి వస్తే నేను చూపిస్తాను." ఆమె అటూ ఇటూ చూసింది. "ఇక్కడ ఇంతకంటే మాట్లాడలేను. ఎవరు ఎవరి మనిషో తెలియడం లేదు."

సాక్ష్యాన్ని పది నిమిషాలు చేతికిమ్మంటోంది. దొంగ అడిగేది కూడా అదే. పిల్లప్ప తల ఊపి వచ్చేశాడు.

క్యాంటీన్లో అర్పిత దొరికింది. దొరకడం ఏమిటి, క్యాంటీన్ మొత్తం ఆమెనే చూస్తోంది. ముదురు ఆకుపచ్చ చీర, కత్తిరించిన జుట్టు, భుజానికి తోలు సంచి, బల్ల మీద బంగారు రంగు పెన్ను.

"ఈ ఊళ్ళో వానను నమ్మలేం," అన్నాడు పిల్లప్ప, టీ గ్లాసు పట్టుకుని.

"గొడుగును కూడా," అంది అర్పిత, తల ఎత్తకుండా. కోడ్ సరిపోయింది. "కూర్చోండి మిస్టర్ పిల్లప్ప. టైమ్ లేదు. చేసింది హేమలత. సెంట్ పర్సెంట్. వచ్చేవారం జెనీవాకి టికెట్ బుక్ చేసుకుంది. బాలరాజుకి విషయం తెలిసిపోయింది, అందుకే అతను లేడు."

"ఆమె బ్లాకులు అడుగుతోంది."

"అడుగుతుంది. నాశనం చెయ్యాలిగా! అందుకే పన్నెండూ స్టీల్ బాక్స్‌లో సీల్ చేయించాను. కీ నా దగ్గరే. రేపు కమిటీ డెసిషన్ అవగానే ఈవెనింగ్ ఫ్లైట్‌కి ఫారిన్ సెంట్రల్ ల్యాబ్‌కి వెళ్ళిపోతాయి. సేఫ్."

పిల్లప్ప ఫ్లైట్ టైము చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు. అర్పిత పకపకా నవ్వింది.

"పెన్సిలా! మా ట్రయల్ రూల్స్‌లో పెన్సిల్ నిషేధం, తెలుసా? ఎవరైనా చెరిపెయ్యొచ్చు. ఇంకుతో రాసి, డేట్ వేసి, సంతకం పెడితేనే అది రికార్డ్. పదేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. పెన్సిల్ రాత నా కంటికి అసలు ఆనదు."

పిల్లప్ప కూడా నవ్వాడు. అప్పటికి అతనికి ఆ మాటలో ఏమీ తోచలేదు, నిజం చెప్పుకోవాలంటే.

* * *

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటింది. హేమలతను అరెస్టు చెయ్యడానికి గురుమూర్తి ఫోన్‌లో అనుమతి ఇచ్చేశాడు. నర్సు నాలుగో డోసు సెలైన్‌లో కలిపి సిద్ధంగా పెట్టింది. కమిటీ నుంచి ఫోన్ వస్తే మొదలుపెట్టాలి, లేదా పారబొయ్యాలి. ఒకసారి కలిపిన మందు మళ్ళీ సీసాలోకి వెళ్ళదు.

పిల్లప్ప మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చీటీ ఉన్న ప్లాస్టిక్ కవరు తీసి వందోసారి చూసుకుంటున్నాడు. ఏదో సరిపడడం లేదు. మందు దొంగదైతే మెడ ఎలా తిరుగుతోంది? కీమో వల్లే తగ్గిందంటుంది అర్పిత. కావచ్చు. కాకపోనూవచ్చు.

"అదేంది, మా ఆయన నంబరు నీ జోబులో ఉండాది?"

భాగీరథమ్మ అతని భుజం మీదుగా వంగి చూస్తోంది. కవరు మూసేలోపల లాగేసుకుంది కూడా.

"అక్కా, అది ముట్టుకోకూడదు..."

"సుమ్నే గమ్మునుండు. ఇది ల్యాబులో ఆయమ్మ రాతే. గడ్డ కోసిన దినం సీసా నా చేతికిచ్చి, దీన్ని ఇడవద్దని చెప్పె. రెండు గంటలసేపు పట్టుకోని కూర్చుంటి, కన్నార్పకుండా ఈ నంబరే చూస్తా. ఏడుకి నడుమున అడ్డగీత కొడతాది ఆయమ్మ. చూడు, ఇట్లే."

పోర్చుగీసు నౌకాదళం ఒక్క క్షణంలో మునిగిపోయింది. పిల్లప్ప మెట్లు మూడేసి దూకుతూ ల్యాబ్‌కి పరుగెత్తాడు. పెన్ను లేదు కాబట్టి ఈసారి గుమ్మంలో ఎవరూ ఆపలేదు.

చీటీ చూడగానే మునిలక్ష్మి మొహం మారిపోయింది.

"ఇది నీ చేతికి ఎట్లొచ్చె? ఇది మైనం లోపల ఉండల్ల!"

"ఏ మైనం అక్కా?"

"ప్రతి బ్లాకులో అడుగున ఒక చీటీ వేస్తానప్పా, పెన్సిల్‌తో రాసి. ముక్కతో పాటే మైనంలో మునిగిపోతాది. పైన లేబులు ఊడిపోయినా, తడిసినా, లోపల ఎవురిదో తెలస్తాది. నేను పనికి చేరిన కొత్తలో పాత డాక్టరుగారు నేర్పిండేది. ముప్పై ఏండ్లుగా వేస్తాండాను. హేమలతమ్మకు తెలుసు. పాపం బాలరాజుకు తెలుసు."

"ఇంకెవరికీ చెప్పలేదా?"

"అటెండర్ని ఎవురడుగుతారప్పా?"

పిల్లప్ప బుర్రలో అన్నీ ఒక్కసారిగా ఒకదానికొకటి అతికాయి.

ఎవరో లేబుళ్ళు మార్చారు. పాజిటివ్ వాళ్ళ బ్లాకులకు నెగెటివ్ వాళ్ళ నంబర్లు, నెగెటివ్ వాళ్ళ బ్లాకులకు పాజిటివ్ వాళ్ళ నంబర్లు. రిజిస్టర్లో ఇంకు రాతలకు తగ్గట్టు అంతా పకడ్బందీగా చేశారు. వేరే నంబరు లేబుల్ ఉన్న బ్లాకులో బాలరాజుకు 417 చీటీ కనపడింది. తవ్వి తీసి జేబులో దాచుకున్నాడు, బ్లాకులు మారాయని మాత్రం ఎవరితోనో అన్నాడు, చచ్చిపోయాడు. చేసింది హేమలత అయితే చీటీల సంగతి ముందే తెలుసు కాబట్టి వాటినీ మార్చేది. ఆమె పది నిమిషాలు బ్లాకులు అడిగింది నాశనం చెయ్యడానికి కాదు, చీటీలు చూపించడానికి. ఇంకును మార్చి, పెన్సిల్‌ను వదిలేసింది ఎవరు? పెన్సిల్ రాత కంటికి ఆననివాళ్ళు.

"అక్కా, ఆ కత్తి తీసుకుని నాతో రా."

టైము మూడూ నలభై ఎనిమిది.

* * *

రెండో అంతస్తులో కాన్ఫరెన్స్ హాలు. కమిటీ ఛైర్మన్ నెరిసిన జుట్టు ముసలాయన, రిటైరైన ప్రొఫెసరు. ఒక చేతిలో ఫోన్ రిసీవర్ పట్టుకుని ఉన్నాడు. అవతల వార్డులో నర్సు ఉంది. అర్పిత ముందు స్టీల్ బాక్స్, సీలు వేసి ఉంది.

తలుపు బయటికి లాగి తెరిచి పిల్లప్ప వచ్చాడు. వెనక మునిలక్ష్మి, ఆ వెనక డాక్టర్ హేమలత. దారిలో ఆమెను అరెస్టు చెయ్యడానికి బదులు వెంట రమ్మన్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"417 నంబరు పేషెంటు బావమరిదిని సార్." ఆ తర్వాత, తప్పదు కాబట్టి, అసలు గుర్తింపు కార్డు కూడా చూపించాడు. "ఆ బాక్సు తెరవాలి."

"సార్, సీల్ పగలగొడితే ఎవిడెన్స్ చెల్లదు," అంది అర్పిత, చాలా ప్రశాంతంగా.

"చెల్లకపోతే నన్ను జైల్లో వెయ్యండి."

ఛైర్మన్ గడియారం వైపు చూశాడు. మూడూ యాభై మూడు. అర్పిత క్షణం ఆలోచించి చిరునవ్వు నవ్వింది. ఏజెంట్ నైన్ చేతికి బంగారు రంగు పెన్ను అందించింది.

"ఓకే. పూచీ మీదేనని రాసి సంతకం పెట్టండి మిస్టర్ పిల్లప్ప. రూల్ ఈజ్ రూల్. బొటనవేలితో పైన నొక్కండి, తెరుచుకుంటుంది."

బొటనవేలు.

పెన్ను అతని చేతిలో ఉంది. వేలు పైకి వెళ్ళింది. బాలరాజు కుడిచేతి బొటనవేలి మీది ఎర్రచుక్క కళ్ళ ముందు కనిపించింది. ఒక మామూలు క్లర్కు, సంతకం పెట్టమంటే పెట్టాడు. అంతే అతని తప్పు.

పిల్లప్ప పెన్నును మెల్లగా, పడుకున్న పామును దింపినట్టు బల్ల మీద పెట్టాడు. చెవి మీంచి పెన్సిల్ తీసి కాగితం మీద సంతకం గీకాడు.

"పెన్సిల్ సంతకం చెల్లదు!" అర్పిత గొంతు మొదటిసారి పెరిగింది.

"మీ లెక్కలో చెల్లదు మేడమ్. అక్కా, కానియ్."

ఛైర్మన్ చెయ్యి చాచి అర్పిత దగ్గర తాళంచెవి తీసుకున్నాడు. సీలు విరిగింది. మునిలక్ష్మి 417 అని లేబుల్ ఉన్న బ్లాకు తీసి, వెనక్కి తిప్పి, కత్తితో మైనాన్ని పొర పొరగా గీకింది. మైనం కింద కాగితం కనపడింది. కాగితం మీద బూడిద రంగు అంకె.

"388," అని చదివాడు ఛైర్మన్.

రెండో బ్లాకు. లేబుల్ 402, లోపల 391. మూడోది. లేబుల్ 409, లోపల 376. ఛైర్మన్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. మూడూ యాభై ఎనిమిది.

"మరి అసలు 417 ఎక్కడ?"

డాక్టర్ హేమలత, ఇక్కడికి వచ్చేముందే ల్యాబ్ అరల్లో వెతికి తెచ్చిన బ్లాకు ముందు పెట్టింది. లేబుల్ మీద 388 అని ఉంది. వెనక మైనంలో గోరంత గుంట, ఎవరో చీటీ తవ్వి తీసిన గుర్తు. పిల్లప్ప ప్లాస్టిక్ కవరు విప్పి చీటీని ఆ గుంటలో పెట్టాడు. అంచుకు అంచు సరిపోయింది. బాలరాజు ప్రాణం ఇచ్చి దాచింది అదే.

"దీన్ని కోసి రంగు వేసి చూస్తే పాజిటివ్ వస్తుంది సార్," అంది హేమలత. "మొదటిసారి వచ్చినట్టే."

ముసలాయన ఆ చీటీ వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. "మా రోజుల్లో మేమూ ఇలాగే వేసేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ వెయ్యడం లేదనుకున్నాను."

"సార్, టైము!" అన్నాడు పిల్లప్ప.

గడియారం ముల్లు నాలుగు మీదికి జరుగుతోంది. రిసీవర్లోంచి నర్సు గొంతు సన్నగా వినిపిస్తోంది, పారబొయ్యమంటారా సార్ అని. ఛైర్మన్ ఉలిక్కిపడి రిసీవర్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"పారబొయ్యద్దు! ఎక్కించు తల్లీ, ఎక్కించు!"

సరిగ్గా అప్పుడే అర్పిత చెయ్యి బల్ల మీది పెన్ను కోసం చాచింది. పిల్లప్ప ఆ మణికట్టు పట్టుకుని బల్లకేసి నొక్కాడు. పెన్ను దొర్లి కింద పడింది. కొసలోంచి వెంట్రుకంత సూది బయటికొచ్చి నేలమీద ఒక చుక్క కక్కింది. ఆమె ఇంకో చేత్తో తోలు సంచి విసిరికొట్టి, విడిపించుకుని, తలుపు దగ్గరికి దూకింది. తలుపు తెరుచుకోలేదు. అవతల చక్రాల కుర్చీ అడ్డంగా పెట్టి, దానిమీద ఫ్లాస్కుతో సహా భాగీరథమ్మ కూర్చుని ఉంది.

"తమ్ముడు ఎవురినీ పోనియ్యద్దన్న్యాడు," అంది లోపలికి వినపడేలా. "నేను కదిలేదే లేదు."

ఏజెంట్ నైన్ బేడీలు వేస్తుంటే అర్పిత అతని వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో పదేళ్ళ అనుభవం ఉంది, కొంచెం సిగ్గు కూడా ఉంది.

"ఒక అటెండర్ చీటీ. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. వానను నమ్మలేం, కదా?"

"గొడుగును కూడా మేడమ్," అన్నాడు పిల్లప్ప.

* * *

నవంబరులో ఒక మధ్యాహ్నం గురుమూర్తి బల్ల మీద మూడు వస్తువులు ఉన్నాయి.

మొదటిది, పిల్లప్ప రిపోర్టు. పెన్సిల్‌తో రాసిందని హెడ్డాఫీసు రెండుసార్లు తిప్పి పంపింది. రెండోది, కెమెరా పెన్ను. ల్యాబ్ కిటికీ గట్టు మీద ఎండకి వేడెక్కి దానంతట అదే పన్నెండు ఫొటోలూ తీసేసింది. పన్నెండింటిలోనూ ఒకే బల్లి.

మూడోది పోస్టులో వచ్చిన పార్సెల్.

"విప్పు," అన్నాడు గురుమూర్తి విసుగ్గా.

లోపల పట్టు కండువా. పసుపు పచ్చ మీద సన్నటి ఎర్ర అంచు. ఒక్క పోగు కూడా తెగలేదు. మడతలో చిన్న కాగితం: "ఎనిమిది సూదులూ అయినాయి. గడ్డ లేదు. ఇది మీ బావ మగ్గం మీద కూర్చోని ఫస్టు నేసిండేది. తల ఎత్తి, మెడ తిప్పి నేసినాడు. పండక్కి రా. వచ్చేటప్పుడు ఫ్లాస్కు తే, మాది ఆడ్నే పోయింది. అక్క భాగీరథమ్మ."

పిల్లప్ప కండువా భుజాన వేసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అతను మెడల్స్ రెండు చూశాడు, రెండూ వేరేవాళ్ళకే వచ్చాయి.

గురుమూర్తి మాత్రం పార్సెల్ పైగుడ్డను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. అతని మొహం పాలిపోతోంది. భారత ప్రభుత్వం పదిహేనేళ్ళుగా ఏ కాగితం మీదా పడకుండా కాపాడిన ఆఫీసు ఇది.

దారిలో వానకు గుడ్డంతా తడిసి, తపాలా ముద్ర ఇంకు నీలంగా అలుక్కుపోయింది. పెన్సిల్‌తో ఒత్తి రాసిన అడ్రసు మాత్రం చెక్కు చెదరలేదు: "మా తమ్ముడు పిల్లప్ప, గూఢచారి, టైపింగ్ క్లాసు మీద రహస్యం ఆఫీసు, మల్లేశ్వరం." పోస్ట్‌మ్యాన్ ఎవరినీ దారి అడక్కుండా నేరుగా తెచ్చి ఇచ్చాడు.